బీసీఏ మధ్యలో సైన్సు టీచరు కావాలనిపిస్తే: గుణుపురం పాఠకురాలికి జవాబు

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ప్లస్ టూ సైన్సు, మ్యాథ్స్, బయాలజీ రెండూ ఉన్నాయి, 66 శాతం వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుందని ఇంట్లో అందరూ అంటే ప్రైవేటు కాలేజీలో బీసీఏలో చేరాను. మూడో సెమిస్టర్ అయిపోయింది, అన్నీ పాసే. సాయంత్రాలు మా వీధిలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సైన్సు చెబుతుంటాను. నాకు కావలసిన పని ఇదేనని ఇప్పుడు తెలిసింది. నాన్నేమో "బీసీఏ పూర్తి చెయ్యి, ఆ మీద బీఎడ్ చేసి టీచరువి అవుదువు గాని" అంటున్నారు. అలా సైన్సు టీచరు కావచ్చా? లేక ఇప్పుడే మానేసి బీఎస్సీలో చేరాలా? నాకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తోంది, అది పోతుందా? ఒడియా చదవగలను, రాయడం తడబాటు. రేపు ఆంధ్రాలో ఉద్యోగం అడగొచ్చా? నా వయసు 19.

జవాబు: మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. బీఎడ్‌కు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు అడిగేది డిగ్రీలో 50 శాతం మార్కులు. బీసీఏ చదివినవారికి కొన్నిచోట్ల సీటిస్తారు, కొన్నిచోట్ల ఇవ్వరు. కానీ బీఎడ్ సీటు రావడం వేరు, సైన్సు టీచరు పోస్టుకు అర్హత రావడం వేరు. పోస్టు దగ్గర బీఎడ్ ఒక్కటే చూసి ఊరుకోరు. డిగ్రీ మార్కుల జాబితాలు తీసి ఏయే సబ్జెక్టులు, ఎన్ని సంవత్సరాలు చదివారో చూస్తారు. బీసీఏ జాబితాలో ప్రోగ్రామింగ్, డేటాబేస్, నెట్‌వర్క్‌లు ఉంటాయి గాని ఫిజిక్స్, కెమిస్ట్రీ, బాటనీ, జువాలజీ ఉండవు. ఆ దారిలో వెళ్తే రెండేళ్ల బీఎడ్ కూడా అయ్యాక, 23 ఏళ్లకు, సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఆగిపోతారు. అప్పుడు మళ్లీ బీఎస్సీ మొదటి సంవత్సరమే దిక్కు. బీసీఏతో కంప్యూటర్ టీచరు వైపు వెళ్లొచ్చు, అదీ మంచి పనే. మీరు అడిగింది మాత్రం సైన్సు.

అందుకని లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి. ముందు పోస్టు, తర్వాత ఆ పోస్టు అడిగే డిగ్రీ సబ్జెక్టులు, చివరికి ఈ ఏడాది నింపే అడ్మిషన్ ఫారం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. దొరికిన సీట్లో చేరి, వచ్చిన సబ్జెక్టులు చదివి, నోటిఫికేషన్ పడ్డాక తమకు ఏ గడి వర్తిస్తుందో వెతుక్కుంటారు.

"సైన్సు టీచరు" అన్న పేరుతో ఒకే పోస్టు లేదు. ఒడిశా హైస్కూళ్లలో ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ సైన్సు పోస్టులు రెండు రకాలు: పీసీఎం అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, సీబీజెడ్ అంటే కెమిస్ట్రీ, బాటనీ, జువాలజీ. హైస్కూలు స్థాయి అర్హత పరీక్ష ఓఎస్‌ఎస్‌టెట్ కూడా ఈ రెండు పాయలుగానే ఉంటుంది. పీసీఎం టీచరు లెక్కలు, భౌతిక విజ్ఞానం చెబుతారు, సీబీజెడ్ టీచరు జీవ విజ్ఞానం వైపు. కేంద్రీయ విద్యాలయాల దారి ఇంకోలా ఉంది. 2022 నోటిఫికేషన్‌లో టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) సైన్సుకు అడిగినవి బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. ఫిజిక్స్ చదివినవారు అక్కడ టీజీటీ మ్యాథ్స్ వైపు చూసుకోవాలి; దానికి మ్యాథ్స్‌తో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్‌లలో రెండు ఉండాలి. ఆంధ్రాలో స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఫిజికల్ సైన్స్ ఒకటి, బయొలాజికల్ సైన్స్ ఒకటి. ఒకే అమ్మాయి ఒకే డిగ్రీతో ఒకచోట సైన్సు టీచరు, ఇంకోచోట లెక్కల టీచరు, మరోచోట దేనికీ కాకుండా పోవచ్చు.

మీకు ప్లస్ టూలో మ్యాథ్స్, బయాలజీ రెండూ ఉన్నాయి గనుక రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. ఎంచుకోవడానికి ఒకటే కొలత వాడండి: ప్లస్ టూ మ్యాథ్స్ పుస్తకంలో ఇంటిగ్రేషన్ అధ్యాయం తీసి, సాయం లేకుండా పది లెక్కలు చెయ్యండి. ఆరు ఏడు వస్తే, రానివి ఎందుకు రాలేదో తెలుసుకోవాలనిపిస్తే పీసీఎం తీసుకోండి. పుస్తకం మూసెయ్యాలనిపిస్తే సీబీజెడ్ తీసుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. మొత్తం మీద చూస్తే మీకు పీసీఎం నయమని మా అభిప్రాయం. బీసీఏలో చదివిన డిస్క్రీట్ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ వల్ల లెక్కల చెయ్యి పూర్తిగా ఆగిపోయి ఉండదు. పైగా పల్లె బడుల్లో ఒకే టీచరు లెక్కలు, ఫిజిక్స్ రెండూ చెప్పగలిగితే ఆ బడికి ఎంతో ఆసరా.

ఇప్పుడు అందరూ దెబ్బతినే చోటికి వద్దాం: మైనర్ సబ్జెక్టులు. ఒడిశాలో ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, ఇప్పుడు కొత్త విద్యా విధానం కింద ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), దానికి తోడు మైనర్లుగా (అనుబంధ సబ్జెక్టులుగా) నడుస్తోంది. మేజర్ ఏం తీసుకోవాలో ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చిస్తారు, మైనర్లు మాత్రం కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర అయిదు నిమిషాల్లో తేలిపోతాయి. "కెమిస్ట్రీ ల్యాబ్ సీట్లు నిండాయమ్మా, ఎడ్యుకేషన్ తీసుకో, టీచరు కావాలన్నావు కదా" అంటారు. వినడానికి బాగుంటుంది. ఫిజిక్స్ మేజర్, ఎడ్యుకేషన్, కంప్యూటర్ సైన్స్ మైనర్లు అయ్యాక ఆ డిగ్రీ పీసీఎం గడిలోనూ పట్టదు, సీబీజెడ్ గడిలోనూ పట్టదు. మీరు పట్టుపట్టి అడగాల్సింది ఫిజిక్స్ మేజర్, మ్యాథ్స్, కెమిస్ట్రీ మైనర్లు. లేదా మ్యాథ్స్ మేజర్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మైనర్లు. సీబీజెడ్ అయితే ఆ మూడింట్లో ఒకటి మేజర్, మిగతా రెండూ మైనర్లు. ఆప్షన్లు పెట్టక ముందే కాలేజీకి వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి. ఈ మూడు సబ్జెక్టుల కలయిక గత ఏడాది నిజంగా నడిచిందా? మైనర్ సబ్జెక్టు ఎన్ని సెమిస్టర్ల పాటు ఉంటుంది? "సిలబస్‌లో ఉంది" అంటే చాలదు. నడిచిందా అని అడగండి, రెండో సంవత్సరం విద్యార్థి మార్కుల జాబితా చూపించమనండి.

బీసీఏలో ఉంటూనే మేజర్ మార్చుకోవచ్చు కదా అని కొందరు మీకు చెప్పవచ్చు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన క్రెడిట్ విధానంలో ఆ వీలు ఉంది గాని అది మొదటి సంవత్సరం చివర, అదే విశాల విభాగంలో మాత్రమే. కంప్యూటర్ శాస్త్రం ఒక విభాగం, భౌతిక రసాయన జీవ శాస్త్రాలు మరొకటి. మీరు మూడో సెమిస్టర్ దాటారు. కాబట్టి మీది మార్పు కాదు, కొత్త ప్రవేశమే. ఇంగ్లిషు, పర్యావరణం లాంటి ఉమ్మడి పేపర్ల క్రెడిట్లు (పాసైన పేపర్లకు వచ్చే పాయింట్లు), వాటిని జమ చేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఉంటే కొత్త కాలేజీని అడిగి చూడండి. ఒకటి రెండు పేపర్లు తగ్గితే సంతోషం, సంవత్సరం మాత్రం తగ్గదు.

మీ ముందున్న దారులు మూడు.

మొదటిది, మేం ముందు ప్రయత్నించమనేది, నాలుగేళ్ల బీఎస్సీ బీఎడ్. దీన్ని ఐటెప్ అంటారు. 2023-24లో మొదలైంది. ప్లస్ టూ మీద చేరి డిగ్రీ, బీఎడ్ రెండూ నాలుగేళ్లలో పూర్తి చేస్తారు, విడివిడిగా చేస్తే అయిదేళ్లు. దీనికి ప్రవేశ పరీక్ష ఎన్‌సెట్, నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ పెడుతుంది. రెండు భాషల్లో ఇరవయ్యేసి ప్రశ్నలు, మూడు సబ్జెక్టుల్లో ఇరవై అయిదేసి, జనరల్ టెస్టులో 25, బోధనా సామర్థ్యంలో 20, మొత్తం 160 ప్రశ్నలు, మూడు గంటలు. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. 13 భాషల్లో రాయవచ్చు, తెలుగు కూడా ఉంది. మీకు దగ్గర్లో దీనికి మంచి చోటు భువనేశ్వర్‌లోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్. ఎన్‌సీఈఆర్‌టీ నడిపే సంస్థ, 1963 నుంచి ఉంది. ఆవరణలోనే దాని సొంత ప్రదర్శన పాఠశాల ఉంది గనుక పాఠం చెప్పే సాధన కాగితాల మీద కాకుండా పిల్లల ముందు జరుగుతుంది. సీట్లు తక్కువ, పోటీ గట్టిది. ఎన్‌సెట్ ఫారంలో మూడు సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ పెట్టండి. తేలిగ్గా ఉంటుందని వేరే సబ్జెక్టు పెట్టినవారు బీఎస్సీ బీఎడ్ మెరిట్ జాబితాలోకే రాకుండా పోతారు.

రెండోది, మామూలు బీఎస్సీ, ఆ తర్వాత రెండేళ్ల బీఎడ్. ప్లస్ త్రీ ప్రవేశాలు శామ్స్ పోర్టల్ ద్వారా జరుగుతాయి. మీ చుట్టుపక్కల చూస్తే గుణుపురం కాలేజీ, పర్లాకిమిడిలో 1896 నాటి ఎస్‌కేసీజీ కాలేజీ, రాయగడ అటానమస్ కాలేజీ ఉన్నాయి. కాస్త దూరమైనా ఫరవాలేదంటే బరంపురంలో ఖల్లికోట, జయపురంలో విక్రమ్‌దేవ్. పేరు చూసి కాదు, ల్యాబు చూసి ఎంచుకోండి. పని వేళల్లో ఒకసారి ఫిజిక్స్ ల్యాబులోకి తొంగి చూడండి. బల్లల మీద స్పెక్ట్రోమీటర్లు, మీటర్లు బయట ఉండి విద్యార్థులు రీడింగులు తీస్తుంటే ఆ కాలేజీలో చేరవచ్చు. పరికరాలన్నీ అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటే ప్రాక్టికల్ రికార్డులు ఒకరివి చూసి ఒకరు రాస్తున్నారన్నమాట. అలా చదివినవారు రేపు బడిలో ఏ ప్రయోగమూ చేయరు, చేయడానికి చెయ్యి రాదు.

మూడోది, మీ నాన్నగారి మాట కొంత నిలబెట్టే దారి. బీసీఏ మూడో సంవత్సరం పూర్తి చేసి ఆ తర్వాత బీఎస్సీ చదవడం. రెగ్యులర్‌గా కుదరకపోతే దూరవిద్యలో ఇగ్నో బీఎస్సీ ఉంది, కనీసం మూడేళ్లు, సైన్సు సబ్జెక్టులు కలిపి తీసుకోవచ్చు. ల్యాబు తరగతులకు మాత్రం స్టడీ సెంటర్‌కు వెళ్లి వరసగా కొన్ని రోజులు ఉండాలి. ఫారం నింపే ముందు మీకు కేటాయించే సెంటర్‌లో ఆ మూడు సబ్జెక్టుల ల్యాబులూ ఉన్నాయో లేవో రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఈ ఏడాది చేయాల్సింది ఇది. నాలుగో సెమిస్టర్ మానకండి. ఎన్‌సెట్ రాయండి, శామ్స్‌లో కూడా దరఖాస్తు పెట్టండి, సీటు చేతికి వచ్చేదాకా బీసీఏ సీటు వదలకండి. నాలుగో సెమిస్టర్ ఎందుకంటే, కొత్త విధానంలో రెండేళ్లు పూర్తయి 80 క్రెడిట్లు వస్తే, వాటికి తోడు నాలుగు క్రెడిట్ల నైపుణ్య కోర్సో ఇంటర్న్‌షిప్పో చేస్తే, డిప్లొమాతో బయటికి రావచ్చు. మీ కాలేజీ ఈ పద్ధతి అమలు చేస్తోందా, ఇంటర్న్‌షిప్ ఎప్పుడు చేయాలి అని ఇప్పుడే అడిగి ఉంచండి. రెండేళ్ల శ్రమకు, కట్టిన ఫీజుకు ఒక కాగితమైనా మిగులుతుంది.

ఇక కాగితాల పని. ప్లస్ టూ కాలేజీ ఇచ్చిన సీఎల్‌సీ, అంటే కాలేజీ విడిచిన సర్టిఫికెట్, ఇప్పుడు మీ బీసీఏ కాలేజీ దగ్గర ఉంటుంది. కొత్త చోట మీరు ఇవ్వాల్సింది బీసీఏ కాలేజీ కొత్తగా ఇచ్చే సీఎల్‌సీ. విశ్వవిద్యాలయం మారితే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. శామ్స్‌లో పేరు వచ్చాక రిపోర్టు చేయడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. ఆ రోజుల్లో సీఎల్‌సీ కోసం పరుగెత్తితే లైబ్రరీ బాకీ, ల్యాబు బాకీ, ప్రిన్సిపాల్ సెలవు, ఇలా ఒక్కొక్కటీ అడ్డు తగులుతాయి. నాలుగో సెమిస్టర్ పరీక్షల వారంలోనే లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చేసి, బాకీలు లేవని అన్ని విభాగాల సంతకాలూ తీసుకుని ఆ ఫారం ఇంట్లో ఉంచుకోండి. పేరు రాగానే సీఎల్‌సీ దరఖాస్తు ఒక్కటే మిగులుతుంది.

"మూడో సంవత్సరం ఫీజు కూడా కడితేనే సర్టిఫికెట్లిస్తాం" అనే మాట ప్రైవేటు కాలేజీల్లో తరచూ వినిపిస్తుంది. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే స్పష్టంగా చెప్పింది. నోటితో వాదించకండి. ఒక పేజీ దరఖాస్తు రాసి, ఆ ఉత్తర్వు ప్రస్తావించి, రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ఐదో సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఫారం మాత్రం తొందరపడి నింపొద్దు. నింపితే మీరు మూడో సంవత్సరం విద్యార్థినే, ఫీజు అడిగే హక్కు వాళ్లకు వస్తుంది. ఎక్కడా సీటు రాకపోతే ఆలస్య రుసుముతో నింపుకోవచ్చో లేదో, ఆఖరి తేదీ ఎప్పుడో ముందే కనుక్కుని ఉంచండి.

స్కాలర్‌షిప్ గురించి మీరు భయపడటం సబబే. పోస్ట్ మెట్రిక్ కేంద్ర నిబంధనల్లో మీకు తగిలేవి మూడు. ముందస్తు అనుమతి లేకుండా కోర్సు గానీ కాలేజీ గానీ మారిస్తే స్కాలర్‌షిప్ రద్దు చేయవచ్చు. విద్యా సంవత్సరం మధ్యలో చదువు మానేస్తే ఆ ఏడాది తీసుకున్న డబ్బు తిరిగి కట్టమనవచ్చు. ఒక స్థాయి చదువు పూర్తి చేసి మళ్లీ అదే స్థాయిలో వేరే సబ్జెక్టు చదివేవారికి, ఉదాహరణకు బీఏ అయ్యాక బీకాం చదివేవారికి, స్కాలర్‌షిప్ రాదు. మొదటి రెండింటికీ మందు ఉంది. నాలుగో సెమిస్టర్ పరీక్షలు రాసి సంవత్సరం ముగించి మానండి. దానికి ముందే, ప్రిన్సిపాల్ ద్వారా జిల్లా సంక్షేమాధికారికి కోర్సు మార్పు అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టండి, ముద్ర వేసిన ప్రతి దాచుకోండి. మూడోదానికి మందు లేదు. బీసీఏ పూర్తి చేసి ఆపైన బీఎస్సీలో చేరితే ఆ మూడేళ్లూ స్కాలర్‌షిప్ లేకుండా చదవాల్సి వస్తుంది. నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఈ సంగతి ముందు చెప్పండి.

సీటు వచ్చాక తడబడేది మొదటి సెమిస్టర్‌లోనే. ఫిజిక్స్ మేజర్ మొదట్లోనే మ్యాథమెటికల్ ఫిజిక్స్, మెకానిక్స్ ఎదురవుతాయి. రెండేళ్ల పాటు ఇంటిగ్రేషన్ ముట్టుకోనివారు మొదటి పేపర్లో వెనకబడతారు, ఆ బెదురుతో రెండోదీ పోగొట్టుకుంటారు. ఇప్పటి నుంచి పన్నెండు వారాలు, రోజూ గంటన్నర పెట్టుకోండి. మొదటి నాలుగు వారాలు డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్, రోజుకు పదిహేను లెక్కలు. తర్వాత రెండు వారాలు వెక్టర్లు. రెండు వారాలు సులువైన డిఫరెన్షియల్ సమీకరణాలు. మిగతా నాలుగు వారాలు న్యూటన్ సూత్రాలు, పని, శక్తి, భ్రమణం. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ఫిజిక్స్ పుస్తకంలో అధ్యాయం చివరి లెక్కలన్నీ చెయ్యండి. ఎన్‌సెట్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ భాగాలకూ ఇదే పనికొస్తుంది.

ఇంకొకటి. వీధిలో అయిదారుగురు పిల్లలకు చెప్పడం, నలభై మంది ఉన్న తరగతికి చెప్పడం ఒకటి కాదు. ఇంత మార్పుకు దిగే ముందు దగ్గరి బడి హెడ్‌మాస్టారిని అడిగి ఓ వారం వెనక బెంచీలో కూర్చోండి, ఒక్క పాఠం మీరు చెప్పండి. ఎనిమిదో తరగతికి, మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉందని చూపే సున్నపు తేట ప్రయోగం ఎంచుకోండి. ఖర్చు లేదు, టీచరు సత్తా మాత్రం బాగా బయటపడుతుంది.

పాన్ దుకాణంలో దొరికే తడి సున్నం ఒక చెంచా, అర లీటరు నీళ్లలో కలిపి మూత పెట్టి రాత్రంతా ఉంచండి. లీటరు నీటిలో కరిగేది సుమారు గ్రామున్నరే, మిగిలింది అడుగున పేరుకుంటుంది. ఎక్కువ సున్నం వేస్తే ఎక్కువ బలం వస్తుందనుకోవద్దు. పొద్దున పైతేట కదలకుండా వంచి, నాలుగు మడతల పాత నూలు గుడ్డలో వడకట్టి, సీసా నిండా పోసి బిరడా పెట్టండి. సీసా సగం ఖాళీగా ఉన్నా, మూత తెరిచి ఉంచినా పైన తెల్లటి పొర కడుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ముందే పని కానిచ్చేసిందన్నమాట. ఎండి గట్టిపడిన పాత సున్నం కూడా ఇందుకే పనికిరాదు, అది సగం సుద్దగా మారిపోయి ఉంటుంది.

రెండు గాజు గ్లాసుల్లో యాభై మిల్లీలీటర్లేసి తేట పోయండి. ఒకదానిలోకి స్ట్రాతో ఊదించండి, రెండోదానిలోకి సైకిల్ పంపుతో గాలి కొట్టించండి. ఊదినది నిమిషంలోపే పాలలా తెల్లబడుతుంది, పంపు కొట్టినది తేటగానే ఉంటుంది. మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ నాలుగు శాతం దాకా ఉంటుంది, బయటి గాలిలో 0.04 శాతమే. ఆ రెండో గ్లాసు లేకపోతే అది ప్రయోగం కాదు, గారడీ. స్ట్రా పైభాగాన, నోటికి కాస్త దిగువన పిన్నుతో రంధ్రం పెట్టండి, ఎవరైనా పొరపాటున పీల్చినా సున్నపు నీరు పైకి రాదు, లేకపోతే నోరు పొక్కుతుంది. కళ్లకూ జాగ్రత్త. తేటలో సమానంగా నీళ్లు కలిపి పలచన చేసి ఊదుతూనే ఉంటే తెల్లబడింది మళ్లీ తేటపడుతుంది. మొదట ఏర్పడిన కాల్షియం కార్బనేట్ నీళ్లలో కరగదు, ఇంకా కార్బన్ డయాక్సైడ్ చేరితే కరిగే బైకార్బనేట్ అవుతుంది.

అప్పుడు ఒక పిల్లాడు లేచి "అయితే మనం వదిలే గాలిలో ఆక్సిజన్ ఉండదా అక్కా?" అని అడుగుతాడు. దాదాపు 16 శాతం ఉంటుంది. ఆ జవాబు మీకు ముందే తెలుసా, తెలియకపోతే రేపు చూసి చెబుతానని తడుముకోకుండా అనగలిగారా, వెనక బెంచీ కూడా గ్లాసు వైపు చూసిందా, అల్లరి మొదలైతే మీకు విసుగొచ్చిందా ఉత్సాహం వచ్చిందా, ఇవి గమనించుకోండి. విసుగే మిగిలితే బీసీఏ పూర్తి చేసుకోండి, మీకు వీధిలో ట్యూషన్ సరిపోతుంది.

ఒడియా సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి, ఏడో తరగతి స్థాయిలో, అంటే ఎంఈ స్థాయిలో, ఒడియా పాసైనట్టు రుజువు చూపించాలి. మీ ఏడో తరగతి, పదో తరగతి మార్కుల జాబితాలు తీసి చూడండి. తెలుగు మీడియంలో మూడో భాషగా ఒడియా తీసుకున్నారా, హిందీయో సంస్కృతమో తీసుకున్నారా? ఒడియా ఉంటే ఆ కాగితం భద్రం. లేకపోతే మాధ్యమిక విద్యా బోర్డు పెట్టే ఎంఈ స్థాయి ఒడియా పరీక్ష ఉంది, డిగ్రీ చదివే రోజుల్లోనే రాసెయ్యండి. ఉద్యోగ నోటిఫికేషన్ పడ్డాక దీనికోసం పరుగెత్తేవారు మన సరిహద్దు ఊళ్లలో ప్రతిసారీ ఉంటారు. రాయడం అలవాటు కావడానికి ఒడియా మీడియం ఆరు, ఏడు తరగతుల సైన్సు పుస్తకాలు తెచ్చి రోజూ అరపేజీ చూసి రాయండి, మర్నాడు అదే చూడకుండా రాయండి. భాషతో పాటు రేపు బోర్డు మీద రాయాల్సిన పారిభాషిక పదాలూ వస్తాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు రాసే ఒడిశా టీచరు అర్హత పరీక్ష ఓటెట్ రెండో పేపర్లో మొదటి భాషగా తెలుగు ఎంచుకోవచ్చు, అది మీకు కలిసొచ్చే విషయం. 150 మార్కుల్లో 60 లెక్కలు, సైన్సువి. జనరల్ వారికి 60 శాతం రావాలి. ఎంఈ ఒడియా నిబంధన మాత్రం దానితో తీరిపోదు.

ఆంధ్రా మాట. పాతపట్నం, పార్వతీపురం పక్క ఊళ్లే అయినా నిబంధనల ప్రకారం మీరు స్థానికేతరులు. అక్కడి డీఎస్సీలో జిల్లా పోస్టుల్లో ఎక్కువ భాగం స్థానికులకే, స్థానికత తేల్చేది పదో తరగతి వరకు వరసగా చదివిన చోటును బట్టి. మీరు పోటీపడేది మిగిలిన కొద్ది పోస్టులకే. ఆంధ్రా ఎడ్‌సెట్‌తో బీఎడ్ అక్కడ చేద్దామన్నా 85 శాతం సీట్లు స్థానికులవి, మిగతా వాటికి కూడా అమ్మానాన్నలు ఆ రాష్ట్రంలో పదేళ్లు ఉండటం లాంటి షరతులున్నాయి. కనుక మీ ప్రణాళిక ఒడిశా పోస్టుల మీద, కేంద్ర ప్రభుత్వ బడుల మీద కట్టుకోండి. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, మీ జిల్లాలోని ఏకలవ్య ఆశ్రమ పాఠశాలలు దేశమంతటి వారికీ తెరిచి ఉంటాయి. కేంద్ర బడుల కోసం కేంద్ర టీచరు అర్హత పరీక్ష సీటెట్ రాయండి, అందులో తెలుగు, ఒడియా రెండూ భాషలుగా ఉన్నాయి. చిన్న తరగతుల వైపు ఆలోచన ఉంటే ఒక మాట: 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఒకటి నుంచి అయిదు తరగతులకు బీఎడ్ చెల్లదు, దానికి డీఎల్‌ఎడ్, అంటే చిన్న తరగతుల టీచరు డిప్లొమా, కావాలి.

నాన్నగారి ముందు వాదన పెట్టకండి, లెక్క పెట్టండి. ఈ జులైకి మీకు 20 అనుకుంటే, ఐటెప్ దొరికితే 24కి సైన్సు టీచరు అర్హత చేతిలో ఉంటుంది. బీఎస్సీ, బీఎడ్ దారిలో 25కి. బీసీఏ పూర్తి చేసి ఆపైన బీఎస్సీ, బీఎడ్ అంటే 26కి, ఒక ఏడాది ప్రైవేటు ఫీజు అదనం, బీఎస్సీ మూడేళ్లకూ స్కాలర్‌షిప్ లేదు. బీసీఏ మీద నేరుగా బీఎడ్ అంటే 23కే అయిపోతుంది గాని సైన్సు పోస్టు లేదు. నాలుగు సంఖ్యలూ ఒక కాగితం మీద రాసి, పక్కనే ఈసారి వచ్చిన టీచరు నోటిఫికేషన్‌లో పీసీఎం అర్హతలున్న పేజీ ప్రింటు తీసి పెట్టండి. ఎంత చెప్పినా ఆయన డిగ్రీ పూర్తి కావాల్సిందే అంటే మూడో దారే పట్టండి. ఆ స్కాలర్‌షిప్ కాక వయసులో మీకు పోయేది ఒక్క ఏడాది, అది పెద్ద నష్టమేమీ కాదు. ఆ ఏడాదిలో ఫిజిక్స్, మ్యాథ్స్ లెక్కలు మాత్రం ఆపకండి, ఎంఈ ఒడియా కాగితం పని కూడా ఆ ఏడాదిలోనే ముగించుకోండి.